శనివారం ఆఖరి పాట

చర్చి నుంచి తెచ్చుకున్న కొవ్వొత్తి మొదళ్ళను చాకుతో సన్నగా గీకి, ఆ పొట్టును టేకు చెక్కల నేల మీద చల్లుకుంటూ పోతున్నాడు బుడేన్ సాబ్. చల్లడం అయ్యాక రెండు పాదాలకూ గోనెపట్టలు చుట్టి, పురికొసతో బిగించి, ఒక కాలు తర్వాత ఒక కాలు జార్చుకుంటూ హాలంతా తిరిగాడు. గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం శనివారం ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లూ గార్డులూ వాళ్ళ ఇంటి ఆడవాళ్ళతో డాన్సు చేస్తారు. నేల నున్నగా జారాలి గాని మనిషి పడకూడదు. దానికి మైనం ఎంత పట్టించాలో పంతొమ్మిదేళ్ళుగా ఆ మనిషి కాళ్ళకు తెలుసు.

రేడియోగ్రామ్ ఉన్న మూలకు వచ్చేసరికి గోనెపట్ట పాదాన్ని పక్కకు తీసి, గొంతుక్కూర్చున్నాడు. అక్కడ ఒక చెక్కలో గుంట ఉంది. అర్ధరూపాయి బిళ్ళ పట్టేంత గుంట. రొజారియో దొర ప్రతి శనివారం అక్కడే కుర్చీ వేసుకుని, రికార్డులు మారుస్తూ, కుడి కాలి బూటు మడమతో తాళం వేస్తాడు. కొట్టి కొట్టి టేకు చెక్క కూడా ఓడిపోయింది. వడ్రంగి బసప్ప ఆ పలక మారుస్తానని మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ బుడేన్ సాబ్ ఏదో ఒక వంక చెప్పి పంపేశాడు. ఆ గుంటలో మాత్రం కాలు పెట్టకుండా వేలితో మైనం రుద్దడం అతని అలవాటు. ఈ పూట రుద్దుతూ రుద్దుతూ వేలు అక్కడే ఆపేశాడు.

సాయంత్రం నాలుగున్నరకు రొజారియో దొర మద్రాసు మెయిలు ఎక్కుతున్నాడు. మద్రాసు నుంచి ఓడ. ఓడ దిగితే ఆస్ట్రేలియాలో కూతురి దగ్గర. ఇక రాడు.

బుడేన్ సాబ్‌ను చూసి ఎవరూ ఆగి ఇంకోసారి చూడరు. యాభై ఆరేళ్ళు, ఎండకు కాగిన బక్క పలచని ఒళ్ళు, మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, తలకు చెమట మరకల టోపీ. ఆ మొహంలో బుగ్గలు మాత్రం వదులుగా, ఎవరివో తెచ్చి పెట్టినట్టు వేలాడుతుంటాయి. అవి తాత ముత్తాతల నుంచి సన్నాయి ఊదిన ఇంటి బుగ్గలు. సొంతూరు వజ్రకరూరు. అక్కడ వాన పడి నేల కడిగితే జనం రాళ్ళు వెతుక్కుంటూ పొలాల్లో వంగి నడుస్తారు. వాళ్ళ నాయన కూడా వెతికాడు. ఆయనకు వజ్రం దొరకలేదు గాని, కొడుక్కి మంచి సన్నాయి ఒకటీ, గుంతకల్లు పాత ఊళ్ళో చెన్నకేశవస్వామి గుడి మేళమూ ఇచ్చి పోయాడు. దాంతోపాటు మూడెకరాల మాన్యం. రెండేళ్ళుగా వాన మొహం చాటేసి, ఆ మూడెకరాల్లో చెనిక్కాయ గింజ నాటినది నాటినట్టే మాడిపోయింది.

అందుకే పొద్దున సన్నాయితో స్వామిని లేపుతాడు, పగలు ఇన్‌స్టిట్యూట్‌లో ఊడ్చి సర్దే ఫరాషు పని చేస్తాడు, దీపాల వేళ మళ్ళీ పోయి స్వామిని పడుకోబెడతాడు. ముహూర్తాల రోజుల్లో పెండ్లిండ్లు. పెండ్లికి పోయినవాళ్ళకు పాయసం గుర్తుంటుంది, అలిగిన వియ్యంకుడు గుర్తుంటాడు, సన్నాయి ఊదింది ఎవరంటే మాత్రం తల గోక్కుంటారు. అట్లాంటి మనిషికి దేవుడు అట్లాంటి చెవి ఎందుకిచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. గూడ్సు బండి ఏ స్వరంలో కూస్తుందో, బొంబాయి మెయిలు ఏ స్వరంలో కూస్తుందో పడుకున్న చోటి నుంచి చెప్పేవాడు. రొజారియో దొర డ్రైవరుగా ఉన్న రోజుల్లో, కూత తాడు లాగి గాంధారం దగ్గర చిన్నగా ఊపి వదిలేవాడు. "మన దొర బండి వచ్చె" అని బుడేన్ సాబ్ భార్య సైదాబీకి చెప్పి, అటు తిరిగి నిద్రపోయేవాడు.

ఆ పాట వచ్చింది యాభై తొమ్మిదిలో. డాన్సు జరిగేటప్పుడు ఫరాషుకు లోపల పని లేదు. వెనక వరండాలో సోడా బుడ్లు చూసుకుంటూ కూర్చోవాలి. ఆ రోజూ అట్లాగే కూర్చుని ఉన్నాడు. లోపల డబడబమని డ్రమ్ములు, ఎవడో కుర్రవాడు గొంతు చించుకుంటున్నాడు. కొత్త రకం పాట, రాక్ అంటారట. మొదట చెవులు మూసుకుందామనుకున్నాడు. రెండో వరసకు చేతిలోని బుడ్డి కింద పెట్టాడు. మూడో వరసకు లేచి నిలబడ్డాడు.

ఆ కుర్రవాడు రిషభం ముట్టుకోవడం లేదు. ధైవతం జోలికి పోవడం లేదు. షడ్జమం నుంచి గాంధారానికి, అక్కడి నుంచి మధ్యమం, పంచమం, నిషాదం. అయిదే మెట్లు. ఏ మెట్టు మీద ఎక్కువ సేపు నిలవాలో, ఏ మెట్టు మీద ఊరికే తాకి రావాలో వాడికి ఎవరు చెప్పారో గాని, చెప్పినట్టే పాడుతున్నాడు. మధ్యలో గిటారు వచ్చింది. ఆ వాయించేవాడు తీగను మీటి, వేలితో పక్కకు నెట్టాడు. గాంధారం ఉన్నచోట ఉండక పైకి సాగి, వణికి, తిరిగి ఒళ్ళోకి వచ్చి పడింది. అది గమకం. ఆ ఒక్క గమకం కోసం నాయన చేతిలో బెత్తం దెబ్బలు తిన్నాడు తను, తొమ్మిదో ఏట. బుడేన్ సాబ్‌కు కంట్లో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు డోలు వాయించే తిప్పయ్యతో చెప్పాడు. "తిప్పయ్యా, దొరలు శుద్ధధన్యాసి పాడతాండారప్పా."

తిప్పయ్య ఇరవై ఏళ్ళుగా పక్కన కూర్చుని డోలు కొట్టేవాడు, అంతకాలంగా అతన్ని ఆటపట్టించడమూ ఒక పనిగా పెట్టుకున్నవాడు. "దొరల పాటకు రాగమేంది సాబన్నా? ఇంజనుకు ముక్కుపుడక పెట్టినట్టు" అన్నాడు.

బుడేన్ సాబ్ మళ్ళీ ఎవరితోనూ అనలేదు. అనకుండానే ఆ పాటను నేర్చుకున్నాడు. అప్పట్లో రెండు శనివారాలు డాన్సు లేదు, రొజారియో దొర భార్య డోరిసమ్మ విషజ్వరంతో పోయింది. మళ్ళీ మొదలయ్యాక ఆ పాట ఎప్పుడూ ఆఖర్న వేసేవారు. అది మొదలుకాగానే బూట్ల చప్పుడంతా ఆగిపోయేది. వరండాలో ఉన్న బుడేన్ సాబ్‌కు పాట, దాని కింద ఒక్క మడమ చప్పుడు వినిపించేవి. బుడ్లు ఏరడానికి తలుపు తోసుకుని పోతే అందరూ లేచి, కదలకుండా నిలబడి ఉండేవారు. పాట అయిపోగానే ఎవరి దారిన వాళ్ళు ఇండ్లకు పోయేవారు. పుట్టిన దగ్గర నుంచి మేళంలో పెరిగినవాడికి దాని అర్థం ఇంకొకరు చెప్పాలా? అది వాళ్ళ మంగళం. వాళ్ళ దేవుడి మీద పాడే పాట. అప్పటి నుంచి తనూ తలుపు దగ్గర టోపీ సర్దుకుని, చీపురు పక్కన పెట్టి నిలబడేవాడు.

అంతటితో ఊరుకోలేదు. చెన్నకేశవుడి సన్నిధిలో దీపాల వేళ తలుపులు మూసే ముందు శుద్ధధన్యాసి కొంచెం ఆలపించి, నిదానంగా ఆ పాటలోకి దిగి, దాంతో మంగళం ముగించడం మొదలుపెట్టాడు. ఒక దేవుడి మంగళం ఇంకో దేవుడికి పనికి రాకపోతుందా అనుకున్నాడు. అర్చకస్వామి ఒకసారి గంట పక్కన పెట్టి, "బుడేనూ, ఈ నడుమ ధన్యాసి బో బాగా పలుకుతాంది నాయనా" అన్నాడు. బుడేన్ సాబ్ తల వంచుకుని సన్నాయి తుడుచుకున్నాడు.

అతనికి ఉన్న కోరిక ఒక్కటే. ఇటు సన్నాయి, అటు ఇంగ్లీషు పాట, రెండు వైపులా చెవి ఉన్న మనిషి ఒక్కడు, అవును బుడేనూ, నువ్వు విన్నది నిజమే అనాలి. అట్లా అనగలవాడు గుంతకల్లులో రొజారియో దొర తప్ప ఇంకొకడు లేడు. కానీ ఫరాషు పోయి దొరతో ఏమని చెప్పాలి? దొరా, మీ పాట మా ఇంట్లో పుట్టిందే అనా? ఏడేళ్ళు గొంతు దాకా వచ్చిన మాటను మింగేశాడు. ఇవాళ మింగితే ఇక అది కడుపులోనే ఉండిపోతుంది.

పొద్దున తొమ్మిదింటికి రొజారియో దొర వచ్చాడు. పెద్ద మనిషి, తెల్లటి మీసం, బొగ్గు పొగకు ఎర్రబారి అట్లాగే ఉండిపోయిన కళ్ళు. గుంతకల్లులో పుట్టి, ఇక్కడి మాటే మాట్లాడే మనిషి. రేడియోగ్రామ్ మూత తెరిచి, తన సొంత రికార్డులు ఒక్కొక్కటే తీసి టీ పెట్టెలో పేర్చుకోసాగాడు.

"ఏం మ్యాన్ బుడేన్, నేల బాగా మెరుస్తాంది" అన్నాడు.

"దొరా, ఒక మాట."

"చెప్పు."

బుడేన్ సాబ్ నోటికి అసలు మాట రాలేదు. దాని చుట్టూ తిరిగి ఇంకోటి వచ్చింది. "ఆ ఆఖరి పాట ఉండాది కదా, అది ఏ స్వామి మీద పాడింది? మేరీమాత మీదనా?"

రొజారియో దొర చేతిలో రికార్డు అట్లాగే పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత నవ్వు మొదలైంది. దగ్గు వచ్చేదాకా నవ్వి, కుర్చీలో కూలబడ్డాడు.

"మేరీమాతనా? ఎవరు చెప్పినారు నీకు? ఒక పిల్ల ఆఖరి బస్సు తప్పిపోయింది అంటా. ఆ పిలగాడు అంటాడు, నడిచి పోతే కాళ్ళు నొస్తాయి, తెల్లారే దాకా నాతో డాన్సు చెయ్యి అని. అంతే మ్యాన్ పాట."

"మరి అందరూ లేచి నిలబడతారు కదా దొరా."

నవ్వు ఆగిపోయింది. రికార్డు అంచును బొటనవేలితో తుడుస్తూ, "అది డోరిస్ మద్రాసు నుంచి తెప్పించుకున్న పాట" అన్నాడు. "ఒక్క శనివారం ఆడింది దానికి. ఆ పొద్దు నువ్వు వరండాలో ఉంటివి. ఆమె పోయినాక దానికి ఎవరూ ఆడలేదు. నిలబడతారు, అంతే. నాకోసం నిలబడతారు."

ఆ రికార్డు కూడా టీ పెట్టెలోకి పోయింది. దొర బుడేన్ సాబ్ భుజం తట్టి, "స్టేషనుకు వస్తావు కదా" అని వెళ్ళిపోయాడు. చెప్పాలనుకున్నది చెప్పకుండానే అయిపోయింది.

మధ్యాహ్నం తిప్పయ్య వాళ్ళ పంచలో డోలు తోలును ఎండకు పెట్టి కూర్చుని ఉన్నాడు. లోకో షెడ్డు వాళ్ళు దొరను సాగనంపడానికి మేళం మాట్లాడారు. పెండ్లి ఊరేగింపు చివర్న పిల్లల్ని సంతోషపెట్టడానికి వాయించే ఇంగ్లీషు బాణీ ఉంటుంది కదా, ఇంగ్లీషు నోటు అంటారు, అది వాయించమన్నారు. బుడేన్ సాబ్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు.

"ఏడేండ్లుగా స్వామి ముందర నేను వాయించింది ఆ పాటప్పా. బస్సు తప్పిన పిల్ల పాట. సాయిబుల ఇంట్లో పుట్టి స్వామిని కొలుస్తాండా, తప్పు చెయ్యకూడదని ఎంత భయంగా ఉంటినో నీకు తెలుసు. ఇంక ఆ పాట ముట్టను. స్టేషన్లోనూ ముట్టను."

తిప్పయ్య నవ్వుతాడని ఎదురుచూశాడు. తిప్పయ్య నవ్వలేదు. డోలు మీద వేలితో ఒకసారి టకటకమనిపించి చూసుకున్నాడు.

"మనం వాయించే జావళీల్లో ఏముండాది సాబన్నా? మొగుడు ఇంకా రాలేదు, వాణ్ణి ఆ యమ్మ ఆపుకున్యాది అని ఏడ్చేదే కదా. అది వింటానే కదా స్వామి నిద్రపోతాండేది. ఆయప్పకు ఇద్దరు పెండ్లాలు. బస్సు తప్పిన పిల్ల సంగతి ఆయప్పకు తెలీదా?"

బుడేన్ సాబ్ తల ఎత్తి చూశాడు.

"అయినా సన్నాయిలో మాట యాడుండాది? నువ్వు ఊదింది ధన్యాసి. ధన్యాసి ఎవరి బస్సూ తప్పించలేదు."

ఇన్నేళ్ళలో తిప్పయ్య ఆ రాగం పేరు, ఆ పాటకు కలిపి అనడం అదే మొదటిసారి. అన్నానని తెలుసో లేదో, లేచి డోలు భుజాన వేసుకున్నాడు.

నాలుగింటికి ప్లాట్‌ఫారం నిండా జనం. వేడి గాలికి ఎర్ర దుమ్ము లేచి, అందరి తెల్ల చొక్కాలకూ ఒకటే రంగు పట్టింది. లోకో షెడ్డు వాళ్ళు పట్టాల మీద టపాసు బిళ్ళలు కట్టి పెట్టారు. బండి చక్రాలు ఎక్కినప్పుడు ఒక్కొక్కటే పేలతాయి, పాత డ్రైవరుకు అది వాళ్ళ మర్యాద. రొజారియో దొర మెడలో చామంతి దండలు గడ్డం దాకా ఉన్నాయి. రైలు పెట్టె గుమ్మంలో నిలబడి, పలకరించిన వాళ్ళకు తల ఊపుతున్నాడు గాని, చూపు మాత్రం స్టేషను అవతల, సమాధుల దొడ్డి వైపు ఉంది. డోరిసమ్మ అక్కడే ఉంది. ఆమెను టీ పెట్టెలో పెట్టుకుని పోలేడు కదా.

బుడేన్ సాబ్ రెల్లు పీకను నాలుకతో తడిపి, సన్నాయికి బిగించాడు. కళ్ళు మూసుకున్నాడు. శుద్ధధన్యాసి ఎత్తుకున్నాడు.

రెండు నిమిషాలు కాకముందే లోకో షెడ్డు ఫైర్‌మన్ బయ్యన్న అతని దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా సాబూ, దొర పోతాండాడు, ఇప్పుడు ఈ ఆలాపన ఎందుకు? నోటు వాయించు, నోటు."

బుడేన్ సాబ్ కళ్ళు తెరవలేదు. షడ్జమం నుంచి గాంధారానికి పోయాడు. అక్కడ ఆగి, దాన్ని కొంచెం పైకి సాగదీసి, వణికించి, మళ్ళీ తెచ్చి పెట్టాడు. పంచమం దాకా నడిచాడు. నిషాదాన్ని తాకాడు. పొద్దుటి సిగ్గు, ఏడేళ్ళ భయం అన్నీ ఊపిరిలో కలిసి బయటికి పోయాయి. ఏ చోట రాగం ఆగి ఏ చోట పాట మొదలైందో బయ్యన్నకు తెలియలేదు, ఎవరికీ తెలియలేదు. ఏరు నదిలో కలిసే చోట గీత గీసి చూపించమంటే ఎవరు చూపించగలరు?

తిప్పయ్య చూశాడు ముందు. గుమ్మం దగ్గర ఇనుప మెట్టు మీద రొజారియో దొర కుడి మడమ లేచి పడింది. మళ్ళీ లేచి పడింది. చూపు ఇంకా సమాధుల వైపే ఉంది, మడమ మాత్రం దాని లెక్క అది వేస్తోంది. తిప్పయ్య తన తాళం వదిలేసి, డోలు దెబ్బను ఆ మడమ చప్పుడుకు కలిపాడు. సన్నాయి, డోలు, ఇనుము మీద తోలు బూటు. మూడూ ఒకటే నడక.

అప్పుడు దొర తల తిప్పి చూశాడు. దండలు పక్కకు నెట్టుకుని రెండు మెట్లు దిగాడు.

"బుడేన్," అన్నాడు. "ఇది మాది."

బుడేన్ సాబ్ పీక నోట్లోంచి తీశాడు. "అవును దొరా. మాది కూడా. శుద్ధధన్యాసి అంటాము. మా నాయన నాకు నేర్పించింది ఇదే."

దొర పెదవులు కదిలాయి. లోపల ఆ వరసలు పాడుకుని సరిచూసుకుంటున్నాడని బుడేన్ సాబ్‌కు అర్థమైంది. తర్వాత తల నిదానంగా ఊపాడు. "అవును మ్యాన్. అదే. అచ్చం అదే. ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"డోరిసమ్మ ఆడిన శనివారం నుంచి."

"ఏడేండ్లు ఒకే గోడకు ఇటు నువ్వు, అటు నేను. ఎందుకు చెప్పలేదు?"

గార్డు ఈల వేశాడు. దొరను ఎవరో చెయ్యి పట్టి పైకి లాగారు. బుడేన్ సాబ్ సన్నాయి మళ్ళీ నోట పెట్టుకుని పాట ఆగిన చోటి నుంచి అందుకున్నాడు. బండి కదిలింది. చక్రాల కింద టపాసు బిళ్ళలు తాళానికి సంబంధం లేకుండా ధనధనమని పేలాయి. జనం కేకలు వేశారు, చేతులు ఊపారు. దొర చెయ్యి ఊపలేదు. రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని, కనిపించినంత సేపూ ఇనుప మెట్టు మీద మడమ వేస్తూనే పోయాడు. ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా వాయించి, మంగళం పలికి, బుడేన్ సాబ్ సన్నాయి దించాడు.

ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్న లోకో షెడ్డు ఆంగ్లో ఇండియన్లు నలుగురైదుగురు టోపీలు తీసి పట్టుకుని, కదలకుండా ఉన్నారు. వాళ్ళకూ తెలిసింది ఆ పాటేదో.

"ఇంగ్లీషు నోటే వాయించినావు కదప్పా చివరికి" అన్నాడు బయ్యన్న.

"వాయించినాం లేప్పా" అన్నాడు తిప్పయ్య, బుడేన్ సాబ్ మొహం చూడకుండా.

గుడి తలుపులు మూసే వేళకు ఇంకా గంట వ్యవధి ఉంది. బుడేన్ సాబ్ దారిలో ఇన్‌స్టిట్యూట్‌కు పోయి తాళం తీశాడు. రేడియోగ్రామ్ పక్కన గోడకు కొత్త టేకు పలక ఆనించి ఉంది. బసప్ప మధ్యాహ్నం తెచ్చి పెట్టినట్టున్నాడు. దొర పోయాడు కాబట్టి ఇక వంక చెప్పేవాళ్ళు ఉండరనుకున్నాడేమో. బుడేన్ సాబ్ ఆ పలకను ఎత్తి, వెనక వరండాలో సోడా బుడ్ల వెనక పెట్టి వచ్చాడు. జేబులో మిగిలిన కొవ్వొత్తి ముక్క తీసి, గొంతుక్కూర్చుని, గీకాడు. వేలితో రుద్దాడు. చెన్నకేశవుడి మంగళానికి వేళవుతోందని లేచి, సన్నాయి చంకన పెట్టుకుని, టోపీ సర్దుకుని బయటికి నడిచాడు.

పడమటి కిటికీలోంచి ఎండ నేల మీదికి వాలింది. మెరిసే చెక్కల నడుమ, ఖాళీ కుర్చీ ముందర, అర్ధరూపాయి బిళ్ళ పట్టేంత గుంటలో కొత్త మైనం మీద వేలి గుర్తు ఇంకా ఉంది.